ఇతర కారణాల గది

ఉదయం పది గంటలకు దేశాలన్నీ పోలికల ఆఫీసుకు వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, గోడకు వీపు ఆనించి వరుసగా నిలబడతాయి. అక్కడి గుమాస్తా ఓబులేసు టేపు పట్టుకుని ఒక్కోదాన్నీ కొలుస్తాడు. లోకమంతా పాకిన కొత్త జబ్బుతో ఏ దేశంలో నిన్న ఎంతమంది పోతే ఆ దేశం అంత ఎత్తు పెరిగి ఉంటుంది. ఈ ఏడాది పొట్టిగా ఉండటమే గొప్ప.

అందుకోసం అవి పడే తంటాలు చూస్తే నవ్వొస్తుంది, తర్వాత జాలేస్తుంది. ఒకటి మెడ లోపలికి లాక్కుంటుంది. ఒక పెద్ద దేశం ఇంటి దగ్గరే తన కొలత తాను తీసుకుని చీటీ మీద రాసుకొస్తుంది. సముద్రం మధ్యనున్న చిన్నదొకటి తన కిటికీని వెంట తెచ్చుకుని, అందులోంచే తల చూపిస్తుంది. అది నిజంగానే పొట్టిది గనక దాన్ని చూసి మిగతావి పళ్లు నూరుతాయి. మన దేశం మోకాళ్లు వంచి, పైన పంచె కప్పుకుని నిలబడుతుంది. ఓబులేసుకు ఆ మోకాళ్లు కనిపిస్తాయి. కనిపించింది రాయడం అతని పనిలో లేదు.

ఆఫీసు వెనకాల ఇంకో గది ఉంది. దాని పేరు ఇతర కారణాలు. జబ్బుతో పోయినవాళ్ల కాగితం మీద గుండె అనో, షుగర్ అనో, వయసు అనో రాస్తే వాళ్లు కొలతలోకి రారు, వచ్చి ఆ గదిలో బెంచీల మీద కూర్చుంటారు. వచ్చేవాళ్ల కోసం గది రోజురోజుకూ పొడవు పెరుగుతుంది. అసలు కారణం రాసేదాకా వాళ్లు ఎక్కడికీ పోవడానికి లేదు.

మూడు వారాలుగా ఓబులేసు అక్క తిమ్మక్క అక్కడే ఉంది. తల్లి పోయాక బస్టాండు ముందు ఉగ్గాని, బజ్జీలు అమ్మి అతన్ని పెంచిన మనిషి. ఆస్పత్రి వరండాలో, అతని చెయ్యి పట్టుకుని, పీల్చిన ఊపిరి సగంలో ఉండగానే పోయింది. ఆ మధ్యాహ్నం కాగితం నింపింది ఓబులేసే. గుండ్రటి అక్షరాలతో షుగర్ అని రాశాడు. మర్నాడు మన దేశం పక్క దేశం కన్నా వెంట్రుకవాసి పొట్టిగా తేలింది, ఆఫీసులో మిఠాయి పంచారు. అతనూ ఒకటి తిన్నాడు. ఆ సంగతి గుర్తొస్తే ఆ చేతిని నరుక్కోవాలనిపిస్తుంది.

రోజూ మధ్యాహ్నం క్యారియర్‌లో అక్కకు అన్నం తీసుకెళ్తాడు. మొదట్లో పది అడుగులుండేది, ఇప్పుడు రెండు గంటల నడక. గది పెరిగేది తలుపు వైపునుంచి గనక, ముందొచ్చినవాళ్లు లోలోపలికి జరిగిపోతున్నారు. రేపటికి అది నాలుగు రోజుల దారి అవుతుందని ఇవాళ నోటీసు పెట్టారు. అక్కను కదిలించాలంటే ఇవాళే కదిలించాలి.

కాగితం దిద్దుకుంటానని సూపరింటెండెంట్ విజయభారతిని అడుగుతాడు. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆమె భర్త కూడా లోపలే, గుండె బెంచీ మీద ఉన్నాడు.

“మీ అక్క ఒక్కతే అయితే సరే ఓబులేసూ. ఆమె లేస్తే, ఎందుకు లేచిందని పక్కవాళ్లు అడుగుతారు. అడగడానికి ఇక్కడ కౌంటర్ లేదు,” అంటుంది.

ఓబులేసు ఆ కాగితాలన్నీ ఎక్కించిన రిజిస్టరు చంకన పెట్టుకుని, క్యారియర్ పట్టుకుని లోపలికి నడుస్తాడు. చాలాసేపు నడిచాక తెలియని భాషలు మాట్లాడేవాళ్లు ఎదురవుతారు. మిగతా దేశాల గదులు కూడా పెరిగి పెరిగి వచ్చి ఇక్కడ కలిసిపోయాయి. వాళ్ల ఒళ్లో కాగితాల మీద లిపి వేరు, గుండ్రటి చేతిరాత మాత్రం అదే. అందరూ కూర్చునే ఉన్నారు గనక ఎవరు పొడుగో ఎవరు పొట్టో చెప్పడానికి లేదు.

తిమ్మక్క క్యారియర్ అందుకోదు. ఊపిరి సగంలో నిలబడి ఉందని, దాని మీదుగా అన్నం దిగదని చెబుతుంది. తర్వాత అతని మొహంలోకి చూస్తుంది.

“నాకు షుగర్ అని రాసిందెవురురా?”

“నేనేక్కా.”

“దినామూ రెండు స్పూన్లు చక్కెర ఏసుకోని టీ తాగేదాన్ని. నాకు షుగర్ యాడిదిరా? లోకానికి తెలీదు సరే. నీకు తెలీదా?”

ఓబులేసు ఆమె మోకాళ్ల మీదే రిజిస్టరు తెరిచి, షుగర్ కొట్టేసి, జబ్బు పేరు రాస్తాడు. అంత భయపడిన పని రెండు గీతల్లో అయిపోతుంది. అతనికి ఏడుపొస్తుంది.

తిమ్మక్క ఆగిన చోటునుంచి ఊపిరి అందుకుంటుంది. క్యారియర్ మూత ఎగురుతుంది. రిజిస్టరు పేజీలు ఊడి ఆమె వైపు పోతాయి. ఎక్కడో దూరాన తలుపు బద్దలవుతుంది, గోడకు నిలబడ్డ దేశాలు వరుస తప్పి, ఒకదాని మీద ఒకటి పడుతూ, గది పొడవునా జారుకుంటూ వస్తాయి. వాటి వెనక వాటి మేఘాలు, దండేల మీది బట్టలు, నేలకు రాసుకుంటూ రేవుల్లోని ఓడలు. అన్నీ ఆమె ముక్కు దగ్గరికి వచ్చేసరికి దారంలా సన్నబడి లోపలికి పోతాయి. ఆమె చీర మడతైనా చెదరదు.

“చాల్లేక్కా, ఇంక వదులు,” అంటాడు ఓబులేసు, మిగిలిన కాస్త గాలితో.

తిమ్మక్క చాలలేదన్నట్టు తల అడ్డంగా ఊపి, తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. ఆమె వెనకాల, కనుచూపు మేరా, బెంచీల మీదివాళ్లు ఒక్కొక్కరే లేచి కాగితాలు అతని ముందుకు చాపుతారు.