మూడో సాక్షి

నేను ఒక చీటీని. పోస్టుకార్డులో సగం ఉంటాను. ఎవరిదో పెళ్లి శుభలేఖ వెనకవైపు తెల్లగా ఉందని కత్తిరించి నన్ను చేశారు. అందుకే నా వీపు మీద ఇప్పటికీ సగం ముహూర్తం ఉంది. ముఖం మీద మాత్రం పెద్దక్షరాల్లో ఒకటే ఇంగ్లీషు మాట: విజార్డ్, అంటే మాంత్రికుడు. ఇప్పటివాళ్లు రాసేలా కాదు. ఐ ఉండాల్సిన చోట వై, జెడ్ ఉండాల్సిన చోట ఎస్, కొన్ని వందల ఏళ్ల కిందటి రాత.

నన్ను రాసింది బందరులో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన పాలపర్తి దయానందం మాస్టారు. మంత్రాలకూ మాంత్రికులకూ ఇంగ్లీషువాళ్లు ఒకప్పుడు రాసుకుని తర్వాత వదిలేసిన స్పెల్లింగులన్నీ ఏరడం ఆయన పని. చివర కె తగిలించుకున్న మ్యాజిక్, అక్కర్లేని ఇ ని మోసుకు తిరిగే విచ్ అనే మంత్రగత్తె, ఇలా నూట పన్నెండు చీటీలు. ఇవి ఎవరికి కావాలండీ అంటే నవ్వేసేవారు. భార్య పోయాక ఆయనకు ఇంట్లో పలకరించే దిక్కు లేదు.

ఆయనది ఒకటే నియమం. ఆ స్పెల్లింగు తమలో ఉందని మూడు పుస్తకాలు సాక్ష్యం చెబితే తప్ప చీటీ చెక్కపెట్టెలోకి వెళ్లదు. తక్కిన నూట పదకొండూ పెట్టెలో ఒకదాన్నొకటి ఆనుకుని హాయిగా పడుకున్నాయి. నా మాట కింద ఇద్దరు సాక్షుల పేర్లే ఉన్నాయి. ఆయన చొక్కా జేబులో ఒంటరిగా పడి ఉండేదాన్ని. పెట్టె మూత పడిన చప్పుడు వింటే ఏడుపొచ్చేది.

కాలేజీ లైబ్రరీలో కూర్చోవడానికి ఆయనకిచ్చిన కాగితంలో ‘సేకరణ పూర్తయ్యేవరకు’ అని ఉంది. నేను పెట్టెలో పడితే ఆయనకు ఆ కుర్చీ లేదన్నమాట.

అక్కడి అటెండరు కొండమ్మకు ఇంగ్లీషు రాదు. మాస్టారి చూపు మందగించాక ఆయన నా మాటను పలక మీద పెద్దగా గీసి చూపించారు. ముగ్గు నేర్చుకున్నంత తేలిగ్గా నేర్చేసుకుందావిడ. రోజూ మధ్యాహ్నం చెరో పుస్తకం ముందేసుకుని నన్ను వెతికేవారు, ఫ్లాస్కులో టీ అయిపోయేదాకా.

ఒక మంగళవారం, చెదలు తిన్న తోలు అట్ట పుస్తకంలో మాస్టారి వేలు ఆగింది. అక్కడ ఉన్నది నేనే! ఆయన నన్ను జేబులోంచి తీసి పెన్సిలు అందుకున్నారు. కుర్చీ చేతిని ఒకసారి నిమిరారు. తర్వాత పెన్సిలు పక్కన పెట్టి పేజీ తిప్పేశారు.

“ఏవన్నా దొరికిందా మాస్టారూ?”

“లేదమ్మా. ఇంకా చూడాలి.”

నాకు ఒళ్లు మండిపోయింది. నియమాలు పెట్టేదీ మనుషులే, వాటిని ఎగ్గొట్టేదీ వాళ్లే. అలా మరో రెండేళ్లు వెతుకులాట నటించారు.

ఆ తర్వాత ఆయన మంచం పట్టారు. నెల తిరిగాక కొండమ్మ ఆ పుస్తకాన్నే చీరకొంగులో దాచుకుని ఆయన ఇంటికి వచ్చింది. పేజీ తీసి ఆయన గుండెల మీద పెట్టింది.

“ఎప్పుడు చూశావ్?” అన్నారు మాస్టారు.

“మీకంటే ముందేనండి. చెబితే మీరు రావడం మానేస్తారని ఊరుకున్నాను. ఇప్పుడెలాగూ రావట్లేదు గదండీ.”

మాస్టారు ఏడ్చారు. నా మీద మూడో పుస్తకం పేరు రాశారు. కొండమ్మే నన్ను పెట్టెలో పెట్టింది. వారం తిరక్కుండానే ఆయన పోయారు.

కోరుకున్నది దక్కింది. నూట పదకొండు చీటీల మధ్య ఇరుక్కుని పడుకున్నాను. పాపం, వీటిలో ఒక్కటీ నాలా జేబులో పడుకుని ఎవరి గుండె చప్పుడూ వినలేదు. ఆ మాట చెప్పుకుందామన్నా వీటికి అర్థం కాదు. పెట్టెను లైబ్రరీకి తెచ్చుకున్న కొండమ్మ వారానికోసారి దాని మీది దుమ్ము తుడుస్తుంది. మూత మాత్రం తీయదు.