ఒక్క లైటే ఉంది

ఆ బండికి రెండు చక్రాలు, పైన రెండు సోలార్ పలకలు, వెనక మడిచి లేపే ఇనుప స్తంభం ఒకటి. లోపల చిన్న రేడియో స్టేషన్. వాగు దారిలో వచ్చిపోయేవాళ్లకు వానాకాలమంతా కబురు చెప్పడానికి ఒక సంస్థవాళ్లు తెచ్చి, లక్సెట్టిపేట నుంచి మా ఊరికి వచ్చే రోడ్డు పక్కన మిట్ట మీద నిలబెట్టారు. చుట్టూ ఐదు కిలోమీటర్ల దాకా వినబడుతుంది. రేడియోలో ఏ నంబరు పెట్టాలో రాసి, రోడ్డు పొడుగునా బోర్డులు పాతారు.

పని ఇద్దరికి. నాకూ, సృజనకూ. మేమిద్దరం ఊరి బడిలో ఒకే బెంచి మీద కూర్చుని చదువుకున్నాం. సంస్థవాళ్లు పెట్టిన రాత పరీక్షలో మార్కులు నాకే ఎక్కువ వచ్చాయి. తర్వాత మైకు ముందు కూర్చోబెట్టి ఒక కాగితం చదవమన్నారు. నా గొంతు పట్టుకుపోయింది. రెండుసార్లు నీళ్లు తాగినా మూడో వాక్యం దాటలేకపోయాను. సృజన అదే కాగితం నవ్వుతూ చదివింది. చివర అందులో లేని మాట కూడా కలిపింది: "జర పైలంగ పోండ్రి, ఇంటికాడ మీకోసం చూస్తుంటరు."

సంస్థ తరఫున మంచిర్యాల నుంచి వచ్చే మా పరశురాములు సార్ తల ఊపాడు. అంతే, మైకు ఆమెదైంది.

పలకలు తుడవడం, బ్యాటరీ చూడడం, పొద్దున్నే వాగు దాకా పోయి నీళ్లెంత ఉన్నాయో చూసి రాసివ్వడం నా పని. నేను రాసిందే ఆమె చదివేది. కానీ ఆటోలవాళ్లు ఆగి కాల్చిన మక్క కంకులు ఇచ్చేది ఆమెకే. "మైకక్కా, నిన్న నువ్వు చెప్పకుంటే బురదల దిగవడుదును" అనేవాళ్లు. పక్కనే తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డ నాకు కూడా సృజన సగం విరిచి ఇచ్చేది. ఆ సగం నాకు ఎన్నడూ తియ్యగా అనిపించలేదు.

ఇంట్లోనూ అదే గొడవ. మా అమ్మను నేను అవ్వ అంటాను. ఆమె బీడీలు చుడుతూ ఫోన్లో రేడియో పెట్టుకునేది.

"ఎంత ముద్దుగ మాట్లాడ్తది పోరి!" అనేది.

"గది రాసింది నేనే" అన్నాను ఒకసారి.

"రాసుడు ఎవలకు ఇనవడ్తది బిడ్డా?" అంది అవ్వ, ఆకు కత్తిరిస్తూనే.

ఆమె మనసులో ఏమీ లేదు. కానీ ఆ పూట నాకు అన్నం దిగలేదు.

ఆగస్టు చివర్లో పరశురాములు సార్ వచ్చి చెప్పాడు. దసరాకు బండి బాసర పోతుందట. అక్షరాభ్యాసానికి పిల్లలను తీసుకుని వచ్చే జనానికి ఏ దారి మూసి ఉంది, బండ్లు ఎక్కడ ఆపాలి, ఎవరి పిల్లలు తప్పిపోయారు, అన్నీ రేడియోలో చెప్పాలి. మా ఇద్దరిలో ఒక్కరే పోతారు.

"ఈ పదిహేను దినాలు రిజిస్టరు చూస్త. మైకు మీద ఎవలు ఎంతసేపు పని చేసిన్రో చూసి చెప్త" అని, నా వైపు తిరిగి "నువ్వు సుత మల్లోపారి మైకు పట్టి చూడరాదు, వినోదా?" అన్నాడు.

ఆయన మాటవరసకే అన్నాడు. నేను మాత్రం దాన్ని పట్టుకున్నాను. గోదావరి ఒడ్డున, అంత జనంలో, అన్ని మైకుల్లో నా గొంతు. అవ్వను కూడా తీసుకుపోయి వినిపించాలనుకున్నాను.

కానీ సృజన ఉండగా మైకు ఖాళీ అవుతుందా? పొద్దంతా మాట్లాడుతూనే ఉంటుంది.

బ్యాటరీ పెట్టె బండి వెనక తలుపు లోపల ఉంటుంది. దాని మీద నాలుగు పచ్చ లైట్లు. రెండు కంటే తగ్గితే మైకు బంద్ పెట్టాలని సార్ పెట్టిన నియమం. అప్పుడు పొద్దున రికార్డు చేసిన కబురు ఒక్కటే పావుగంటకోసారి దానంతటదే వస్తుంది. తలుపు తాళంచెవి నా దగ్గరే ఉండేది. సృజన ఎన్నడూ వెనక్కి వచ్చి చూడలేదు. నేను చెప్పింది నమ్మేది.

ఒక మబ్బుపట్టిన రోజు తలుపు తీస్తే మూడు లైట్లు వెలుగుతున్నాయి. నేను తలుపు మూసి, ముందుకు వచ్చి "ఒక్క లైటే ఉంది" అన్నాను.

నా గొంతు ఎక్కడా తడబడలేదు. మైకు ముందు రాని ధైర్యం అప్పుడు ఎట్లా వచ్చిందో నాకే ఆశ్చర్యం.

"అయ్యో, అయితే బంద్ చేస్త" అని సృజన వెంటనే మైకు ఆపింది. కాళ్లు ముడుచుకుని కూర్చుంది. దారిన పోయే దశరథం ఆటో ఆపి, "ఏందే, ఇయ్యాల మూగనోము పట్టినవా?" అని ఎగతాళి చేశాడు. ఆమె నవ్వలేదు. నాకు మాత్రం ఎన్నాళ్లకో హాయిగా ఉంది.

రెండో రోజూ అదే చెప్పాను, రిజిస్టరులోనూ అదే రాశాను. మూడో రోజూ. రిజిస్టరులో సృజన పేరు ముందు గంటల గడి ఖాళీగా ఉండిపోయింది. ఆమె లేనప్పుడు ఒకటి రెండుసార్లు మైకు ముందు కూర్చుని, మీట నొక్కకుండానే పెదాలు కదిపి చూసుకున్నాను.

"పలకలు ఖరాబైనయేమో, సార్‌కు ఫోన్ చేద్దామా?" అని సృజన పరేషాన్ అయింది.

"మబ్బులకు గట్లనే ఉంటది. ఫికర్ చెయ్యకు" అన్నాను.

నాలుగో రోజు మబ్బు విడిచింది. పొద్దున వాగులో మోకాలు లోతు కూడా లేదు. నీళ్లకు కాస్త పైనే ఉండే కిందివంతెన పొడిగా ఉంది. అదే రాసిచ్చాను, సృజన రికార్డు చేసింది. పన్నెండింటికి తలుపు తీస్తే నాలుగు లైట్లూ వెలుగుతున్నాయి. అయినా "ఒక్కటే" అని చెప్పి తిండికి ఇంటికి పోయాను.

సగం తిన్నానో లేదో, పంచాయతీలో పనిచేసే సదానందం మోటారుసైకిల్ మీద అరుచుకుంటూ వచ్చాడు.

"వాగచ్చింది! మీద అడవిల పెద్దవాన వడ్డదంట. ఇంట్ల ఉన్నోళ్లు ఇంట్లనే ఉండుండ్రి!"

నేను వాకిట్లోకి ఉరికాను. "సృజనకు చెప్పినవా?"

"ఫోన్ చేసిన. రేడియోల ఛార్జింగ్ లేదన్నది. వాగు కాడికి ఉరికింది, చున్నీ వట్టుకొని బండ్లను ఆపుతాంది."

లోపల అవ్వ ఫోన్లో సృజన గొంతు తియ్యగా వినబడుతోంది. పొద్దున రికార్డు చేసిందే. "వాగు మీద దారి మంచిగున్నది. నీళ్లు లేవు. జర పైలంగ పోండ్రి."

వాగుకు ఈ వైపు సృజన ఉంది. అవతలి వైపు ఎవరూ లేరు. అటు నుంచి వచ్చేవాళ్లు ఈ మాట నమ్మి వంతెన మీదికి దిగుతారు.

చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తాను. మిట్ట ఎక్కేసరికి ఊపిరి అందలేదు. రికార్డు మీట ఆపి, మైకు మీట పెట్టాను. నోరు తెరిస్తే ముందు దగ్గే వచ్చింది. అది కూడా ఐదు కిలోమీటర్ల దాకా పోయి ఉంటుంది.

"వాగచ్చింది. కిందివంతెన మీదికి పోకుండ్రి. ఇందాకటి మాట తప్పు. లక్సెట్టిపేట దిక్కుకెల్లి వచ్చేటోళ్లు వాగు అవతల పత్తి మిల్లు కాడనే ఆగుండ్రి."

కాగితం లేదు. ఈ నాలుగు మాటలే మళ్లీ మళ్లీ చెప్పాను. గొంతు వణికింది, ఆగలేదు. ఇరవై నిమిషాలు అదే చెప్పాను.

సాయంత్రానికి వాగు కొంచెం తీసింది. పరశురాములు సార్ జీపులో వచ్చాడు. దశరథం అవతలి నుంచి చుట్టు తిరిగి వచ్చి బండి దగ్గర ఆటో ఆపాడు. ఆటోలో పత్తి చేను కలుపుకు పోయిన ఎనిమిది మంది ఆడవాళ్లు ఉన్నారు.

"వంతెన మీదికి ముందటి చక్రం దించిన సార్" అన్నాడు దశరథం. "గప్పుడే రేడియోల వచ్చింది. బ్రేకు కొట్టిన. మైకక్కా, ఇయ్యాల నీ గొంతు గట్లెందుకున్నదే, ఏడుస్తున్నట్టు? కని మంచిగ అర్థమైంది."

సృజన మోకాళ్ల దాకా బురదతో నిలబడి ఉంది. "నేను కాదన్నా. నేను వాగు కాడున్న. చెప్పింది మన వినోద."

ఆడవాళ్లంతా ఆటోలోంచి తలలు బయటపెట్టి నన్ను చూశారు. "ఎవల బిడ్డ?" అని ఒకామె అడిగింది. ఇంకొకామె మా అవ్వ పేరు చెప్పింది. ఇన్ని నెలలు నేను కోరుకున్నది ఇదే.

పరశురాములు సార్ రిజిస్టరు తెరిచాడు. "శభాష్ వినోదా" అని, మళ్లీ కాగితం వైపు చూసి ఆగాడు. "నాలుగు దినాలకెల్లి ఒక్క లైటే అని రాసినవ్. ఒక్క లైటుతోని ఇరవై నిమిషాలు మైకు ఎట్ల నడిచింది?"

సృజన వెంటనే అందుకుంది.

"మధ్యాహ్నం ఎండ వచ్చింది కద సార్. ఎక్కి ఉంటది ఛార్జింగ్."

సార్ తల ఊపబోయాడు. అంతటితో అయిపోయేది. నా గొంతు నాకు దక్కేది, బాసర కూడా దక్కేదేమో. కానీ ఆ మాట సృజన ఇచ్చింది. మక్క కంకి విరిచి సగం పెట్టినట్టే, ఏమీ ఆలోచించకుండా ఇచ్చింది. ఈ ఒక్కటి కూడా ఆమె చేతి నుంచే తీసుకోవాలా అనిపించింది. మంచితనంలో కూడా ఆమే ముందుండాలా?

"ఎండతోని కాదు సార్" అన్నాను. "మొదటిసంది లైట్లు ఉన్నయ్. నేనే అబద్ధం చెప్పిన. సృజన మాట్లాడొద్దని."

ఆటో ఇంజను ఒక్కటే చప్పుడు చేస్తోంది. దశరథం దాన్ని కూడా ఆపాడు. సార్ రిజిస్టరు మూసి, నా ముందు చెయ్యి చాపాడు. నడుముకు ఉన్న తాళంచెవి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని సృజనకు ఇచ్చాడు.

సృజన వెనక్కి పోయి తలుపు తీసింది. వేలితో లైట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"నాలుగు దినాలు నోరు మూసుకొని కూసున్ననే" అంది, నా వైపు తిరగకుండానే. "నేను చేసిన పాపమేదో ఉన్నదేమో, అందుకే పలకలు పనిచేస్తలేవేమో అని పొద్దున దండం పెట్టుకున్న. నన్ను అడుగుతె ఒక పూట నీకియ్యకపోదునా?"

ఆమె ఏడుస్తోంది. ఏడుస్తుంటే కూడా ఆ గొంతు ఎక్కడా చెదరలేదు. ఆడవాళ్లలో ఒకామె ఆటో దిగి పోయి ఆమె భుజం పట్టుకుంది. ఇంకొకామె కూడా దిగింది.

నేను ఒంటరిగా మైకు పక్కన నిలబడి వాళ్లను చూశాను. తప్పు నాదేనని నాకు తెలుసు. అయినా వాళ్లంతా ఆమె చుట్టూ చేరుతుంటే నా కడుపు మండుతూనే ఉంది.