పటికతో అతికిన దీపం

గంగామణికి ఆ సాయంత్రం గొడవ పెట్టుకునే ఓపిక ఏ కోశానా లేదు. పొద్దున్నుంచి బీడీలు చుట్టి చుట్టి వేళ్లు కొంకర్లు పోయాయి. నడుము తనది కాదన్నట్టుంది. భర్త పండరి చెరుకు బండ్లతో బోధన్ ఫ్యాక్టరీకి పోయి నాలుగు రోజులైంది. ఇంట్లో మిగిలింది తనూ, అత్త నర్సవ్వా, వాళ్లిద్దరి మధ్య ఆ పాడు దీపం.

పాడు దీపమే గానీ వంశం గొప్పది. నిజాంసాగర్ కట్ట కట్టే రోజుల్లో నర్సవ్వ పెనిమిటి అక్కడొక ఇంజనీరుకు వంట చేసిపెట్టేవాడు. పని ముగిశాక ఆయన వెళ్తూ వెళ్తూ తన మేజా మీది గాజు దీపం ఇచ్చిపోయాడు. వీళ్లింట్లో మేజా లేదు గానీ మేజా దీపం ఉంది. బోర్లించిన గంప మీద పెట్టి, బాన్సువాడలో ఇలాంటిది ఇంకెవరింట్లో ఉందో చూపించమని నర్సవ్వ గల్లీ అంతా సవాలు చేసేది.

దాని గాజు బుడ్డి మెడకు ఇత్తడి కట్టు ఉంది. వత్తిని ఎత్తి దించే మర ఆ కట్టులో బిగుస్తుంది. కట్టును గాజుకు అతికించిన సున్నం నెల రోజులుగా పొడిపొడిగా రాలుతోంది. మర ఊగుతోంది, గ్యాసునూనె, అదే కిరోసిన్, మెడ మీదుగా కారుతోంది, మంట ఉండుండి ఎగిరి పడుతోంది. పక్కనే తునికాకు కట్టలు, తంబాకు చాట. పైన గడ్డి కప్పు. ఇల్లు కాలడానికి ఇంకేం కావాలి?

గంగామణి పుట్టిల్లు పెద్ద కొడప్‌గల్. ఆమె తండ్రి భోజన్న కందిళ్లు బాగుచేసి బతికినవాడు. "దీపం బాగుచేసుడు అల్కనే బిడ్డా, కష్టమేం గాదు. ఆర్పి, సల్లగైనంక, నూనె ఒంపి, పగటిపూట పని పట్టాలె. ముట్టిచ్చినదాని మీద చెయ్యి పెడితే ఎంత పనోడైనా ఆగమైతడు" అనేవాడు. ఆ మాట ఆమె నెలనుంచీ అత్తకు చెబుతూనే ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నర్సవ్వకు రెండు నియమాలున్నాయి. ఇంటి దీపం బుడ్డి ఎండబెట్టకూడదు, సందెవేళ వెలిగించిన దీపం బువ్వలు తినేదాకా ఆర్పకూడదు. ఆర్పడం అన్న మాటే ఆమె నోట రాదు, 'కొండెక్కించుడు' అంటుంది. మాట మార్చినంత మాత్రాన మంట చల్లబడుతుందా?

ఆ సాయంత్రం నర్సవ్వ బుడ్డిలో నూనె చూసుకోకుండానే దీపం ముట్టించింది. కాసేపటికి వత్తి చిటపటలాడింది. వెలుగు ఎర్రబడింది. సందెవేళ దీపం దానంతటది ఆరిపోవడం ఎంత అపశకునమో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. పరుగున పోయి మూలనున్న నూనె సీసా తెచ్చింది. వదులైన కట్టును ఓ పక్కకు ఎత్తి, మండుతున్న వత్తి కింది సందులోంచి పోయబోయింది.

గంగామణి చేతిలోని ఆకులు జారిపోయాయి. నాకెందుకు, ఏమన్నా చేసుకోనీ అని ఒక్క క్షణం నిజంగానే అనిపించింది. అలసిన మనిషికి చావు భయం కూడా బద్ధకంగానే వస్తుంది. అయినా లేచి అత్త చెయ్యి పట్టుకుంది.

"పొయ్యకత్తా! ముందుగాల ఆర్పు."

"సందెల ఆర్పుతరా పిల్లా? ఇంట్ల లచ్చిమి ఉంటదా? ఇడువు నా చెయ్యి!"

"ఇడువ. నువ్వు పోస్తే మనమిద్దరం ఉండం, ఇగ లచ్చిమి ఎవరికోసం ఉంటది?"

"నలబై ఏండ్ల సంది గిట్లనే పోస్తున్న. ఏమైంది నాకు?"

గంగామణి చూపు అత్త ముంజేతి మీద పడింది. మణికట్టు నుంచి మోచేతిదాకా చర్మం ముడుచుకుపోయిన పాత మచ్చ. గంజి ఒలికిందని ఎప్పుడూ చెప్పే మచ్చ. కందిళ్ల మధ్య పెరిగిన గంగామణికి గంజి మచ్చకూ నూనె మచ్చకూ తేడా తెలుసు. ఇన్నేళ్లూ అడగలేదు. ఇప్పుడు అడిగేసింది.

"ఇది గంజి కాదు గదత్తా?"

నర్సవ్వ చేతిలో బిగువు పోయింది. సీసా కోడలి చేతికి వచ్చేసింది. ముసలామె గోడకు ఆనుకుని కూలబడింది.

"నాకొక బిడ్డ ఉండె, ముత్తవ్వ. ఐదేండ్లది. పండరి గప్పుడు ఒళ్లె పిల్లగాడు. గిట్లనే సందెల బుడ్డిల నూనె ఒడుస్తున్నది. ఆర్పకు, గట్లనే పొయ్యి అన్నది మా అత్త. పోసిన. నా బిడ్డ సీస మూత పట్టుకొని పక్కకే నిలవడ్డది. గుప్పున మంట లేసింది. జరమొచ్చి పోయిందని జెప్పినం అందరికి."

గంగామణి సీసాను దూరంగా జరిపింది. నెమ్మదిగా అంది, "మరి తెల్సి తెల్సి ఎందుకు పోస్తున్నవత్తా?"

"పోస్తే ఏం గాదని సూసుకుంటున్న. ఒక్కసారి గూడ ఏం గాలే. అంటే దాని రాత గట్లుండె అనుకున్న. పద్ధతే తప్పైతే, నా బిడ్డను నేనే సంపుకున్నట్టు గాదా?"

గంగామణి పక్కన కూర్చుని మచ్చ మీద చెయ్యి వేసింది. ఇద్దరూ చాలా అలిసిపోయి ఉన్నారు. వత్తి మళ్లీ ఎగిరి పడింది. నర్సవ్వ ముందుకు జరిగి, మర తిప్పి, వత్తి దించింది. దీపం ఆరిపోయింది. సందెవేళ ఆ ఇంట్లో చీకటి పడటం అదే మొదటిసారి. ఇద్దరూ ఆ చీకట్లోనే ఏడ్చారు.

మర్నాడు పొద్దున్నే గంగామణి మిగిలిన నూనె సీసాలోకి ఒంపింది. బుడ్డిని కడిగి వాకిట్లో ఎండబెట్టింది. మధ్యాహ్నానికి గాజు వెచ్చబడింది. కట్టును ఊడదీసి, కొడవలి మొనతో పాత సున్నమంతా గీకేసింది. నూనె సీసాను దూరంగా పెట్టి, తండ్రి చేసినట్టే ఇనుప గరిటెలో పటిక వేసి పొయ్యి మీద కరిగించింది. ఇత్తడి కట్టును తిరగేసి, దాని చుట్టూ ఉన్న గాడిలో పటిక పోసింది. నర్సవ్వ బుడ్డిని బోర్లించి, మెడను ఆ పటికలో దింపి, అది రాయిలా గట్టిపడేదాకా కదలకుండా పట్టుకుంది. తర్వాత మర బిగించి ఊపి చూశారు. ఊగలేదు. పొద్దు ఉండగానే నూనె పోసుకున్నారు.

మరో రెండు రోజులకు పండరి బండి దిగి వచ్చాడు. ఒళ్లంతా దుమ్ము, కళ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. సందెవేళ దీపంలో నూనె అడుగంటడం చూసి, ఇంటి పద్ధతి ప్రకారం సీసా అందుకుని మర విప్పబోయాడు.

"ఆగు బిడ్డా. ముందుగాల ఆర్పు. సల్లగైనంక పొయ్యి."

పండరి నివ్వెరపోయి తల్లిని చూశాడు. "ఏందవ్వా, సందెల దీపం ఆర్పుమంటున్నవు?"

ఎప్పుడూ కొండెక్కించమనే మనిషి ఆర్పమంటోంది. నర్సవ్వ వత్తి తానే దించేసింది. చీకట్లో కొడుకు చెయ్యి వెతికి పట్టుకుని, తన ముంజేతి మీద పెట్టుకుంది.

"నీకొక అక్క ఉండెరా" అంది. "కూసో, జెప్త."