నిరూపణ చివరి నల్ల చదరం

బావా బావమరిదీ కలిసి రాసిన గణితం పేపరులో లెక్క అయిపోయింది, ముస్తాబే మిగిలింది. అంచులు ఎంత వదలాలో, శీర్షిక ఏ సైజులో ఉండాలో, చివర ఇచ్చే పుస్తకాల పట్టీ ఏ వరసలో సాగాలో జర్నల్ వాళ్ళు నియమాలు పంపారు. వాటి ప్రకారం కూర్చి సాయంత్రంలోగా పంపేస్తే చాలు. ఈ పని మొదటినుంచీ బావమరిదిదే. "లెక్కని కనడం నా వంతు, తల దువ్వి పౌడరు రాయడం నీ వంతు" అనేవాడు బావ. కామా ఒకటి తప్పిపోతే అన్నం సయించని మనిషని అతనికి 'కామా' అని పేరు కూడా పెట్టాడు. ఆ పేరు అక్క నోటికీ, కాలేజీలో తోటి లెక్చరర్ల నోటికీ ఎక్కేసింది. పెట్టినవాడు మాత్రం ఎండలు ముదరక ముందే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

ఇప్పుడు కామా ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఫైళ్ళన్నీ బావ కంప్యూటర్లో ఉన్నాయి, ఆ కంప్యూటరు ముందు ఉన్న చక్రాల కుర్చీ అదొక్కటే. పక్కన చెక్క కుర్చీలో బావ చదివి పడేసిన కాగితాలు దొంతరగా ఉన్నాయి. వాటిని తీయడానికి అక్కకి మనసొప్పలేదు.

"ఇవాళ వెళ్ళిపోతుందా?" అని గుమ్మంలోంచి అడిగింది అక్క. పొద్దుటినుంచీ అడుగుతూనే ఉంది.

"వెళ్తుందక్కా. నువ్వు ఇన్నిసార్లు అడిగితే అది సిగ్గుపడి ఆగిపోతుంది."

"ఆయన పేరు అచ్చులో చూడాలిరా. ఇంక ఇదే కదా ఆఖరుది."

ఈ సంచిక ఇవాళ్టితో మూసేస్తామని, దాటితే మళ్ళీ ఏడాది ఆగాల్సిందేనని ఎడిటరు రాశాడు. కామా మొదటి పేజీ తెరిచి, బావ పేరు పక్కన చిన్న గుర్తు పెట్టాడు.

"అదేమిటి?" అంటూ అక్క దగ్గరకొచ్చింది.

"రాసినవాళ్ళలో ఎవరైనా లేకపోతే పెడతారక్కా. కింద వివరం ఉంటుంది."

"కత్తిలా ఉంది. పోయినవాడిని మళ్ళీ పొడవడం దేనికి?" అని, కాసేపు చూసి, "సరే, నియమం అంటున్నావుగా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఎండ కిటికీ అంచు దాకా వచ్చి ఆగింది. వీధిలో చడీచప్పుడు లేదు. కామా ఒక్కో పేజీ సరిచేసుకుంటూ నాలుగో లెమ్మా దగ్గరకి వచ్చాడు. లెమ్మా అంటే పెద్ద సిద్ధాంతం ఎక్కడానికి కట్టుకునే మెట్టు. ఒక్కో మెట్టుకీ ఒక నిరూపణ, నిరూపణ ముగిసిందని చెప్పడానికి చివరి మాట పక్కన ఒక చిన్న నల్ల చదరం. చదరాన్ని ఎవరూ పెట్టక్కర్లేదు. నిరూపణ ముగియగానే ప్రోగ్రామే పెట్టేస్తుంది.

నాలుగో లెమ్మా నిరూపణ పక్కన చదరం లేదు.

కింద చూశాడు. లేదు. పేజీ తిప్పాడు. తర్వాతి పేజీ అంతా తెల్లగా ఉండి, అడుగున ఒక్క నల్ల చదరం కూర్చుని ఉంది.

ఇలాంటివి అతనికి కొత్త కాదు. చివర సమీకరణం వస్తే చదరం ఒక వరస కిందకి జారుతుంది, దానికి మందు ఉంది. ఆ మందు వేశాడు. ఖాళీ ఇంకాస్త పెరిగింది. అంచులు తగ్గించి చూశాడు. ఆ లెమ్మాని వేరే ఫైల్లోకి ఎత్తి, తన లాప్‌టాప్‌లో తయారుచేసి చూశాడు. అక్కడా అంతే. మిగతా లెమ్మాలన్నిటికీ చదరాలు బుద్ధిగా ఎవరి చోట అవి ఉన్నాయి. విసుగొచ్చి అసలు చదరమే వద్దని తీసేశాడు. చదరం పోయింది, తెల్ల ఖాళీ మాత్రం పోలేదు. వడ్డించాక మనిషి రాని విస్తరిలా అలాగే ఉంది.

చదరాన్ని మళ్ళీ పెట్టేశాడు.

అక్క కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి తెర వంక చూసింది. "అంత ఖాళీ ఎందుకు వదిలావు?"

"నేను వదల్లేదక్కా. అదే వదులుకుంది."

"దాని పైన ఏముంది?"

కామా చదివాడు. నిరూపణంతా ఒకే ఒక్క వాక్యం: పై రెండు మెట్ల నుంచి ఇది సులువుగానే తెలుస్తుంది.

ఆ మాట విషయంలో వాళ్ళిద్దరికీ ఒక కట్టుబాటు ఉంది. 'సులువుగానే తెలుస్తుంది' అని ఒకరు రాస్తే, రెండోవాళ్ళు దాన్ని విడమర్చి పూర్తిగా రాసి చూడాలి. లెక్కల్లో దొంగ దాక్కునే చోటు అదేనని బావ నమ్మకం. ఈ వాక్యం రాసింది తానేనని కామాకి బాగా గుర్తు. తన వేళ్ళతోనే టైపు కొట్టాడు. కాబట్టి చూడాల్సింది బావ.

"బావ దీన్ని సరిచూశాడులే" అన్నాడు.

"నాలుగోదేనా? దాని సంగతి నేనే అడిగాను. భోజనానికి రమ్మంటే రాకుండా దాన్నే తలుచుకుంటూ కూర్చున్నారు ఒకరోజు. అంత బెంగైతే చూడొచ్చుగా అన్నాను. 'రాసింది నేనైతే నేనెలా చూస్తానే, కామా చూస్తాడు' అన్నారు."

కామా కాఫీ కప్పు దించేశాడు. ఆ రోజు బావ ఈ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని చెబుతుంటే, తను చెక్క కుర్చీలో కూర్చుని కొట్టాడు. చెప్పినవాడు తను రాశాననుకున్నాడు, కొట్టినవాడు తను రాశాననుకున్నాడు. ఇద్దరూ రెండోవాడి మీద భరోసాతో నిద్రపోయారు.

కాగితం తీసుకుని విడమర్చడం మొదలుపెట్టాడు. నాలుగు వరసలు నడిచాయి, ఐదో వరస దగ్గర కాలు దిగబడింది. ఇంకో దారిన వెళ్ళాడు, అదీ అక్కడికే వచ్చింది. సులువుగా ఏమీ తెలియడం లేదు. నిజమో కాదో కూడా తెలియడం లేదు.

"అక్కా, ఇది ఇవాళ వెళ్ళదు" అన్నాడు.

ఆమె మొహం వాడిపోయింది. "ఎవరు పట్టుకుంటార్రా దాన్ని? అంత పెద్దవాళ్ళు ఇద్దరు రాసింది."

"పట్టుకోకపోవచ్చు."

"మరి?"

"పట్టుకుంటే బావ లేడుగా జవాబు చెప్పడానికి. తప్పు ఆయన పేరు మీద అచ్చులో ఉండిపోతుంది. నువ్వు అచ్చులో చూడాలనుకున్నది దాన్నేనా?"

అక్క కొంగుతో బల్ల మీద లేని దుమ్ము తుడిచింది. "ఎడిటరుకి రాసేయ్" అంది చివరికి. "నాతో మాత్రం ఇప్పుడేం మాట్లాడకు."

నిరూపణలో లోటు ఉంది, ఈ సంచికకి పంపలేం అని కామా రెండు వాక్యాలు రాసి పంపాడు. తర్వాత ఇంటికి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. తెరలో ఆ తెల్ల పేజీ అలాగే ఉంది. ఊరికే ఉండలేక, కాగితం మీద నడిచిన నాలుగు వరసలూ 'సులువుగానే' అన్న చోట కొట్టి, పేజీ మళ్ళీ తయారుచేశాడు.

పేజీ అడుగున ఉన్న చదరం కొంచెం పైకి వచ్చింది.

రాస్తే కిందకి పోవాలి గానీ పైకి రావడమేమిటి? ఐదో వరస కూడా, తప్పని తెలిసే, రాసి చూశాడు. చదరం గబుక్కున అడుగుకి జారిపోయింది. దాన్ని చెరిపేశాడు. మళ్ళీ పైకి వచ్చింది. కామా కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. దేవుడిని నమ్మే మనిషే, రోజూ దణ్ణం పెట్టుకునే మనిషే. కానీ పోయినవాళ్ళు ఎక్కడికి పోతారన్నది ఎప్పుడూ తరచి అడగలేదు.

"బావా" అన్నాడు, అక్కకి వినపడకుండా.

ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

మళ్ళీ రాశాడు. ఒక కొత్త దారి తట్టింది, మొదటి మెట్టుని పక్కనుంచి ఎక్కే దారి. ఒక వరస పెట్టాడు, చదరం దగ్గరకొచ్చింది. ఇంకో వరసలో కూడిక గుర్తు బదులు తీసివేత పడింది, దూరం పోయింది. దిద్దాడు, వచ్చింది. చిన్నప్పుడు కళ్ళగంతలాటలో దగ్గర, దూరం అంటూ పక్కన నడిచేవాళ్ళు గుర్తొచ్చారు. భయం ఉంది. భయంతోనే రాస్తూ పోయాడు. కిటికీలో ఎండ ఎర్రబడింది, ఎడిటరు పెట్టిన గడువు ఎప్పుడు దాటిందో గమనించలేదు.

అక్క వచ్చి దీపం వేసింది. చెక్క కుర్చీ మీది కాగితాలు తీసి మంచం మీద పెట్టి, అందులో కూర్చుంది. చదరం ఇప్పుడు ఒక్క వరస దూరంలో ఉంది. ఆ ఒక్క వరసా ఏమిటో కామాకి తెలిసిపోయింది. కానీ అది రాసేస్తే చదరం ఇంక కదలదని ఆగిపోయాడు.

"అది ఆ మాట పక్కకి వచ్చేస్తే అయిపోయినట్టేనా?" అంది అక్క.

"అయిపోయినట్టే."

ఆమె తెర వంక చూస్తూనే, "అయితే మెల్లగా కానీయ్‌రా. ఇవాళే పంపాలని ఇప్పుడెవరూ అనడం లేదుగా" అంది.

కామా తల ఊపి, నిరూపణని మొదటి వరస నుంచి అక్కకి వినపడేలా చదవడం మొదలుపెట్టాడు.