నేను పక్కనుంటే అయిదు, లేకపోతే ఆరు

ఒళ్లో కంచం పెట్టుకుని సోఫాలో భోజనం చేయడం ఎంత నరకమో చేసినవాడికే తెలుస్తుంది. మధ్యలో తుమ్మొస్తే తుమ్ము ఆపుకోవాలో, కంచం ఆపుకోవాలో తేలి చావదు.

మాకు డైనింగ్ టేబుల్ లేక కాదు. గీతలు పడతాయని కొన్నరోజే దాని మీద ప్లాస్టిక్ కవర్ పరిచాం. కవర్ పాడవుతుందని గుడ్డ పరిచాం. గుడ్డ మాస్తుందని పాత పేపర్లు పరిచాం. అసలు చెక్క ఏ రంగో ఇప్పుడు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఆ పేపర్ల మీద మా అమ్మాయి తన కంప్యూటర్ పరిచింది.

మీరనుకునే కంప్యూటర్ కాదు. అమ్మాయికి ఇంజనీరింగ్‌లో కంప్యూటర్ ఆర్గనైజేషన్ అని ఒక సబ్జెక్టు ఉంది. అందులో బుల్లి కంప్యూటర్‌ని ఎవరికి వారే కట్టి చూపించాలట. చిల్లుల పలకలు, వాటి మీద జెర్రుల్లా కాళ్లు చాపుకుని కూర్చున్న నల్లటి చిప్పులు, చిక్కుబడ్డ జుట్టులా రంగురంగుల తీగలు, వరసగా ఎర్రటి బుల్లి దీపాలు. ఇంత హంగామా చేసి అది చెప్పాల్సిందల్లా రెండూ మూడూ కలిపితే అయిదని. సోమవారం ల్యాబ్ పరీక్షలో చెప్పిందా, సరే. చెప్పకపోతే సబ్జెక్టు పోయినట్టే, వచ్చే ఏడాది జూనియర్ల పక్కన కూర్చుని మళ్లీ చదవాలి.

అది ఆరంటోంది.

"పోనీలే అమ్మడూ, ఎక్కువేగా చెప్పింది. తక్కువ చెబితే బాధపడాలి గానీ" అని ఓదార్చాను.

"నాన్నా, దండం పెడతా, అటెళ్లు."

వెళ్లేముందు ఓసారి చూద్దామని బల్ల మీద చెయ్యి ఆనించి వంగాను. అదే సమయానికి అమ్మాయి మళ్లీ బటన్ నొక్కింది.

"అయిదు! నాన్నా, అయిదొచ్చింది!"

నేను వెనక్కి జరిగాను. ఆరు. ముందుకొచ్చాను. అయిదు. మళ్లీ జరిగాను. ఆరు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది.

"ఇన్నేళ్ల కాపురంలో మీవల్ల ఒక లెక్క సరిగ్గా రావడం ఇదే చూడ్డం" అంది.

నేనవేమీ పట్టించుకునే స్థితిలో లేను. మా బావమరిదికి ఫోన్ చేసి, నేను లేందే కంప్యూటర్లు పనిచేయడం లేదని చెప్పాను. సోమవారానికి సెలవు పెట్టేసి, మంచి చొక్కా ఇస్త్రీ చేయించాను.

"పరీక్షకి నేనూ వస్తానే. పక్కన నిలబడతానంతే. మాట్లాడను."

"పేరెంట్స్‌ని లోపలికి రానివ్వరు నాన్నా."

"సామాన్లలో ఒకటని చెప్పు."

అమ్మాయి నవ్వలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "నువ్వుంటేనే పనిచేస్తోందంటే అది పనిచేయట్లేదనే" అంది. గోడకి అంటించిన సర్క్యూట్ బొమ్మ చూసుకుంటూ ఒక్కో తీగనీ వేలితో తడుముతూ పోయింది. చాలాసేపటికి ఒక చిప్పు దగ్గర ఆగిపోయింది.

"దొరికింది. కూడేటప్పుడు చేతిలో ఒకటి ఉంచుకుంటాం కదా? పక్క చిప్పు నుంచి అలాంటి ఒకటి వస్తే అందుకోడానికి ఈ కాలు. ఇక్కడ పక్క చిప్పే లేదు. రావడానికి ఏమీ లేదని చెప్పి దీన్ని సున్నాకి కట్టెయ్యాలి. మర్చిపోయా."

"ఏమీ రాకపోతే సున్నా అని దానికి తెలీదా?"

"తెలీదు నాన్నా. ఎవరూ ఏమీ చెప్పకపోతే చుట్టుపక్కల ఏముంటే దానికి ఊగుతుంది. నీ చెయ్యి దగ్గరికొస్తే సున్నా అనుకుంటోంది. దూరమైతే ఒకటి."

పక్కన ఎవరుంటే వాళ్ల మాట వినే ఆ కాలు నాకు దగ్గరి చుట్టంలా కనిపించింది. బట్టల కొట్టులో సేల్స్‌మన్ పక్కనుంటే నీలం, మా ఆవిడ పక్కనుంటే గోధుమరంగు కొనే మనిషిని నేను.

చిన్న నల్ల తీగ గుచ్చింది. అయిదు. నన్ను బాల్కనీలోకి పంపారు. అయిదు. మెట్ల దాకా పంపారు. అయిదే. ఒక మనిషి అక్కర్లేకుండా పోయినందుకు ఇంట్లో అంత సంబరం నేనెప్పుడూ చూడలేదు.

నన్ను బుజ్జగించడానికి కాబోలు, అమ్మాయి బటన్ నా చేతికిచ్చింది. "పెద్ద కంప్యూటర్లో ఇది దానంతటదే కొట్టుకుంటూ ఉంటుంది. ఇక్కడ నువ్వు నొక్కితేనే కదులుతుంది."

నొక్కాను. ఒక వరస దీపాలు మారాయి. "ఇప్పుడేం చెయ్యాలని మెమరీని అడిగింది." నొక్కాను. "జవాబు తెచ్చుకుంది." నొక్కాను. "దాన్ని అర్థం చేసుకుంటోంది."

"అర్థం కూడా చేసుకుంటుందా?"

"అంటే, లోపల కరెంటుకి ఏ తలుపు తెరవాలి, ఏది మూయాలి అని. అంతే."

నేను నొక్కితే కదులుతోంది. వేలు తీస్తే, కదిలిన చోటే దీపాలు పట్టుకుని నిలబడుతోంది. రెండు వచ్చి ఒకచోట కూర్చుంది. మూడు వచ్చి పక్కన కూర్చుంది. చివరిసారి నొక్కాను. అయిదు వెలిగింది.

లోపల రెండంటే తెలిసినవాడు లేడు. కూడికంటే తెలిసినవాడు లేడు. తెరుచుకునే తలుపులు, మూసుకునే తలుపులు, అంతే ఉన్నాయి. అయినా అయిదు వచ్చింది. మళ్లీ మొదటినుంచీ నొక్కి చూశాను, మళ్లీ అయిదే.

"నీ ఫోన్లోనూ ఇదే నాన్నా. సెకనుకి వందల కోట్లసార్లు నొక్కినట్టు."

జేబులోంచి ఫోన్ తీసి చూశాను. పొద్దున్నుంచీ అన్ని కోట్ల తలుపులు తెరిపించి నేను చేసిన ఘనకార్యం, మా బావమరిదికి గుడ్ మార్నింగ్ పువ్వు పంపడం.

సోమవారం అమ్మాయి ఒక్కతే వెళ్లింది. గెలిచి వచ్చింది. ల్యాబ్ మేడమ్ నమ్మకం లేక ఏడూ రెండూ వేసి చూసిందట. తొమ్మిదే వచ్చిందట.

అది గట్టెక్కింది. నేనే మునిగాను. అప్పట్నుంచి నాకు ఏ బటన్ దగ్గరా మామూలుగా ఉండటం చేతకావడం లేదు. లిఫ్ట్‌లో నొక్కి, నా అంతస్తు వచ్చినా దిగడం మర్చిపోతున్నాను. ఆఫీసులో ఒక్క అక్షరం కొట్టి తెర వైపు నోరు తెరుచుకుని ఉండిపోతున్నాను. మొన్న మేనేజర్ వచ్చి "ఏమైందండీ?" అన్నారు. "లోపల తెరుచుకుంటున్నాయి సార్" అన్నాను. నాతోపాటు ఆయనా కాసేపు తెర చూసి, వారం సెలవిచ్చారు.

అయ్యా, అమ్మా, మీరంతా అదే ఫోన్ జేబులో వేసుకుని ఏమీ ఎరగనట్టు బజారుకెళ్తున్నారు, నిద్రపోతున్నారు. ఎలాగండీ? ఆ కిటుకేదో నాకూ చెప్పి పుణ్యం కట్టుకోండి. ఫోన్ చేసి మాత్రం చెప్పకండి. మోగితే ఎత్తకుండా దాన్నే చూస్తూ కూర్చుంటున్నాను.