మైకులో రాచెల్ సాక్ష్యం

కరుణకుమారికి ఉన్న పెద్ద భయం ఒక్కటే. తన చదువు సగంలో ఆగినట్టు కూతురు రాచెల్ చదువు కూడా ఆగిపోతుందేమోనని. పాముకి గానీ రోగానికి గానీ ఆమె అంతగా జడవదు. ఎనిమిదో తరగతిలో ఉండగా తండ్రి నడుం పడిపోయి, ఒక సోమవారం బడికి బదులు జీడిపిక్కల షెడ్డుకు వెళ్ళింది. ఒక్క వారమే కదా అన్నారు ఇంట్లో. ఆ వారం ఇంకా అవలేదు. ఇప్పుడామెకి ఇరవై ఎనిమిదేళ్ళు.

రాచెల్ చదివేది నర్సీపట్నంలో వాళ్ళ వీధి చివరి సర్కారు బడిలో, నాలుగో తరగతి. మూడో తరగతి సగం దాకా ఆ పిల్లకి గుణింతాలే సరిగ్గా పట్టుబడలేదు. అప్పుడు బేబి మేడం వచ్చింది. రోజూ కోటవురట్ల నుంచి స్కూటీ మీద వచ్చే టీచరు. గంట కొట్టడానికి అరగంట ముందే వచ్చి, రాచెల్‌ని అరుగు మీద కూర్చోబెట్టుకుని చదివించేది. ఈ ఏడు దసరా నాటికి పిల్ల పకోడీల పొట్లం విప్పి, ఆ నూనె కాగితం మీద అచ్చయిన వార్త ఆగకుండా చదివేసింది. గురుకులంలో ఐదో తరగతి సీటుకి పరీక్ష రాయిద్దామని మేడమే అంది. అది మొదలు, స్కూటీ చప్పుడు చెవిన పడితే గాని కరుణ షెడ్డుకి కదిలేది కాదు.

అలాంటి రోజుల్లో హెడ్మాస్టరు సూర్యప్రకాష్ గారి ఫోనుకి ఒక మెసేజి వచ్చింది. పైనున్న పెద్దాయన పుట్టినరోజుకి ప్రతి బడిలోనూ సభ పెట్టాలి, ఆయన చేసిన మేలు గురించి ఒక పిల్ల చేత రెండు నిమిషాలు మాట్లాడించాలి, వీడియో తీసి పంపాలి. దానికో కాగితం లేదు, కింద సంతకం లేదు. అది ఆర్డరా, ఎవరి సరదానా అన్నది అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఇంకో రెండేళ్ళలో రిటైరయ్యే సూర్యప్రకాష్ గారికి అసలే లేదు. మొన్నటిదాకా ఉన్నాయన హయాంలో పాట పాడించాం, ఈయన హయాంలో మాట్లాడిస్తున్నాం, రేపు వచ్చేవాళ్ళు గెంతించమంటే గెంతిస్తాం, మనకెందుకొచ్చిన గొడవ అన్నాడట స్టాఫ్‌రూములో. చక్కగా చదువుతుంది కాబట్టి రాచెల్ పేరు రాసేశాడు.

బేబి మేడం ఒప్పుకోలేదు. ఆ మాటే గేటు దగ్గర కరుణతో చెప్పింది. పిల్ల తల్లిగా నువ్వు వద్దంటే మానేస్తారు, అను కరుణా అంది. కరుణకి వద్దనాలని లేదు. తన కూతురు మైకు ముందు నిలబడుతుందంటే ఆమెకి లోపల లోపల గొప్పగా ఉంది.

"రెండు మంచి మాటలు సెప్తే ఏటి పోద్ది మేడం? మేం సర్చిలో పెతి ఆదివారం అదికారుల కోసం ప్రార్థన సేస్తాం కదండి."

"ప్రార్థనలో మీరు ఏదో ఒకటి అడుగుతారు కరుణా. ఇక్కడ అడగడానికి లేదు. పొగడాలి, దిగిపోవాలి. తొమ్మిదేళ్ళ పిల్లకి బడిలో నేర్పేది అదా?"

అడ్డం చెప్పకండి మేడం అని కరుణ బతిమాలింది. సరే, నీ ఇష్టం, నేను మాత్రం ఇది నేర్పను అని మేడం లోపలికి వెళ్ళిపోయింది.

అలా నేర్పే పని కరుణ నెత్తిన పడింది. హెడ్మాస్టరు ఇచ్చిన కాగితం నిండా ఆమె జన్మలో పలకని మాటలు. దీనజన బాంధవుడట, విద్యాదాతట, మా పాలిటి కల్పతరువట. కల్పతరువంటే ఏటమ్మా అని పిల్ల అడిగింది. కరుణకి తెలిస్తే కదా. మొగుడు జీవన్ కుమార్‌ని అడిగితే, సెంట్రింగ్ పని చేసి అలిసొచ్చిన మనిషి, అదేదో మందు పేరు అయ్యుంటాదిలే అన్నాడు. మూడో లైను దగ్గరికి రాగానే రాచెల్ ఆగిపోయేది, మళ్ళీ మొదటికి వచ్చేది. సభకి ఒక్కరోజు ఉందనగా పిల్ల ఏడుపు మొదలెట్టింది. ఆ ఏడుపు చూడలేక కరుణ ఆ కాగితం మడిచి కిటికీలో పెట్టేసింది.

"ఇదొద్దులే రాచీ. సండే స్కూల్లో సాక్ష్యం సెప్తావు కదా, అలగే సెప్పీ. బూట్లిచ్చారు, బేగిచ్చారు, అయ్యీ ఇయ్యీ."

"సాక్ష్యం లాగంటే నిజమే సెప్పాలా?"

"సాక్ష్యంలో అబద్దం సెప్తారేటే?"

సాక్ష్యం అంటే వాళ్ళ చర్చిలో పిల్లలకి పాస్టరు దయాసాగర్ అయ్యగారు నేర్పే పద్ధతి ఒకటి ఉంది. నలుగురి ముందూ నిలబడి, ముందు మనకొచ్చిన కష్టం చెప్పాలి. తరువాత దేవుణ్ణి ఏం అడిగామో చెప్పాలి. ఆఖరున జరిగిన మేలుకి స్తోత్రం చెల్లించాలి. ఆ స్తోత్రం దేవుడికే చెల్లించాలి, మనిషికి చెల్లించకూడదు. అయిదేళ్ళప్పటి నుంచి రాచెల్ అలా చెబుతూనే ఉంది. చర్చిలో పక్కింటి పెద్దమ్మలు ఆ పిల్ల సాక్ష్యం కోసం ముందు వరస చాపలు పట్టుకుంటారు.

సభ రోజు కరుణ షెడ్డులో సగం పూట సెలవు పెట్టింది. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, తమ చర్చికే వచ్చే మరో ఇద్దరు తల్లులతో గోడవారన నిలబడింది. టెంటు వేశారు, కేకు తెచ్చారు. వార్డులో పెద్దాయన పార్టీ పనులు చూసే రమణబాబు వచ్చాడు, ఆయనతో ఇంకో ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. ఒక కుర్రాడు ఫోను ఎత్తి పట్టుకుని సభంతా అప్పటికప్పుడే నలుగురికీ కనబడేలా లైవు పెట్టాడు. బేబి మేడం వెనక వరసలో పిల్లల మధ్య కూర్చుంది.

రాచెల్ మైకు అందుకుంది. చేతులు కట్టుకుంది. పిల్ల కొంచెం కూడా బెదరలేదు.

"అందరికీ వందనాలు. నా పేరు రాచెల్. మా బడిలో ఆడపిల్లల బాత్రూముకి తలుపు లేదు. అందుకని నేను పొద్దున్నించి సాయంత్రం దాకా నీళ్ళు తాగేదాన్ని కాదు. నాకు మంట వచ్చింది, జొరం వచ్చింది. వారం బడికి రాలేదు. మా అమ్మా నేనూ ప్రార్థన చేశాం. అప్పుడు దేవుడు బేబి మేడం మనసులో మాట్లాడితే, మేడం వాళ్ళ పాత చీర తెచ్చి అడ్డం కట్టారు. నాకు స్వస్థత వచ్చింది. అందుకు దేవునికే స్తోత్రం. పెద్దాయన మనసు కూడా దేవుడు ముట్టి, తలుపు పెట్టించేలాగ మీరందరూ ప్రార్థన చెయ్యండి. ఆమెన్."

ఇక్కడే కరుణ ఇంకో పొరపాటు చేసింది. పొరపాటని కూడా అనలేం, అది నోటి అలవాటు. పిల్ల ఆమెన్ అనగానే ఆమె కూడా గట్టిగా ఆమెన్ అంది. పక్కనున్న ఇద్దరు తల్లులూ అన్నారు. టెంటు కింద ఒకతను కిసుక్కున నవ్వాడు. రమణబాబు మొహం మాడిపోయింది. సూర్యప్రకాష్ గారు మైకు లాక్కుని, ఇప్పుడు కేకు కటింగ్ అన్నాడు.

మరునాటికి ఆ వీడియో ఊళ్ళో తిరగని ఫోను లేదు. అవతల పార్టీవాళ్ళు దానికి డప్పుల చప్పుడు కలిపి మరీ పంచారు. షెడ్డులో పిక్కలు ఒలిచే ఆడవాళ్ళు ఒకరి భుజం మీంచి ఒకరు చూసి, నీ కూతురు మా గట్టిదే అని మెచ్చుకున్నారు. కరుణకి మాత్రం పాత భయం లేచింది. పిల్లని బడి నుంచి తీసేస్తారేమో, గురుకులం పరీక్ష రాయనివ్వరేమో. ఆ భయంతో పిక్క ఒలుస్తూ చర్మం కాల్చే జీడి రసం చేతికంటినా ఆమెకు తెలియలేదు.

మూడో రోజు రమణబాబు ఇంటికి వచ్చాడు. కేకలేమీ వెయ్యలేదు. కుర్చీ తుడుచుకుని కూర్చుని, మంచినీళ్ళు తాగి, సంతకం పెట్టమని టైపు చేసిన కాగితం ఒకటి తీశాడు. బేబి మేడమే పిల్లకి లేనిపోనివి నూరిపోసి మైకులో చెప్పించిందని, తల్లిదండ్రులమైన మాకు ఏమీ తెలియదని అందులో ఉంది.

"మేడం నేర్పలేదండి. వద్దన్నారు కూడాను. సాక్ష్యం లాగ సెప్పమన్నది నేనండి."

"నువ్వా?" అని ఆయన ఆమెను కింద నుంచి పైదాకా చూశాడు. "సూడు సెల్లెమ్మా, మీ మేలు కోరే సెప్తన్నాను. ఈ కాయితంలో మీ గుంట రాచెల్ పేరు లేదు. నువ్వు నేర్పావంటే మరి ప్రార్థనేటి, ఆమెనేటి అని మీ అయ్యగారిని కూడా పిలవాల్సొస్తాది. బడిలో మతమంటారు. ఎందుకు సెప్పు ఇదంతా."

కరుణ పెన్ను పట్టుకోలేదు. ఆయన మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు ఆమె మధ్యాహ్నం అన్నం మానేసి, రాచెల్ నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి, తన చేతితో తానే రాసింది. నేర్పింది నేనే, మేడం వద్దన్నారు, తప్పుంటే నాది అని మూడంటే మూడు వాక్యాలు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. పనికి ఆలస్యమైతే మేస్త్రి తిడతాడని తెలిసీ బడికి పరిగెత్తింది. సూర్యప్రకాష్ గారు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఆయన చెడ్డవాడు కాదు. చదివాక కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, ఎనిమిదో తరగతిలో ఆగిపోయిన తల్లి నేర్పిందంటే ఎవరు నమ్ముతారమ్మా అన్నాడు. మేడాన్ని కాపాడ్డానికి రాశావంటారు, మేడమే రాయించిందంటారు, ఆవిడకి ఇంకా చేటు అన్నాడు. కాగితం సొరుగులో పెట్టేశాడు.

ఇంతకీ సంతకం ఆ పొద్దున్నే పడిపోయిందని ఆమెకి అప్పటికి తెలియదు. అబీద్ సెంటర్ టీ బడ్డీ దగ్గర రమణబాబు వాళ్ళు జీవన్ కుమార్‌ని పట్టుకున్నారు. పనిచ్చే కాంట్రాక్టరు కూడా పక్కనే ఉన్నాడు. టీ తాగినంత సేపట్లో అయిపోయింది. సాయంత్రం కరుణ నిలదీస్తే అతను గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"గుంట పేరు లేదు. అయ్యగారి పేరు లేదు. మేడానికి గవర్నమెంటు జీతం, ఎక్కడికెల్లినా బతుకుతాది. నానేటి సెయ్యను, సెప్పు."

కరుణ వెళ్ళి బియ్యం కడిగింది.

శనివారం నాటికి బేబి మేడాన్ని చింతపల్లి పైన కొండల్లో ఒక బడికి పంపేశారు. సామాను తీసుకోవడానికి వచ్చినప్పుడు కరుణ ఇంకో సగం పూట మానేసి రోడ్డు మీద ఎదురెళ్ళింది. సంతకం సంగతి చెప్పి కాళ్ళ మీద పడాలనుకుంది. మేడానికి అప్పటికే తెలుసు. తెలిసిందని మొహంలోనే కనబడింది. పిల్లకి భిన్నాలు సగంలో ఉన్నాయి, ఎవరి చేతనైనా చెప్పించు కరుణా అని మాత్రం చెప్పి స్కూటీ తీసింది. ఎవరి చేత చెప్పిస్తుంది. వీధిలో భిన్నాలు తెలిసిన మనిషి ఆ ఒక్కతే.

చిత్రమేమిటంటే, తలుపు వచ్చింది. వీడియో అంతగా తిరిగాక రాకుండా ఎలా ఉంటుంది. మరుసటి బుధవారం నీలం రంగు తలుపు, లోపల గడియతో సహా బిగించారు. మేడం చీర విప్పి మూల పడేశారు. తలుపు ముందు రమణబాబూ వాళ్ళూ ఫోటోలు దిగారు. ఈసారి తప్పు జరగకుండా ఆ కల్పతరువు కాగితాన్నే మళ్ళీ రాచెల్ చేతికిచ్చి, ఫోను ముందు నిలబెట్టారు.

ఆ పిల్ల కాగితం చూడకుండానే చెప్పేసింది. ఒక్క అక్షరం తడబడలేదు. దీనజన బాంధవుడికి, విద్యాదాతకి, మా పాలిటి కల్పతరువుకి కృతజ్ఞతలు అంది. అందరూ చప్పట్లు కొట్టారు. సూర్యప్రకాష్ గారు పిల్లకి చాక్లెట్టు ఇచ్చాడు. ఆ వీడియో కూడా షెడ్డులో కరుణకి చూపించారు. పిల్ల గొంతు అదే గాని, ఎవరి పిల్లో మాట్లాడుతున్నట్టుంది.

సాయంత్రం కరుణ ఇల్లు చేరేసరికి రాచెల్ గుమ్మంలోనే కాచుకుని ఉంది. చాక్లెట్టు కాగితం కూడా విప్పలేదు.

"అమ్మా, ఆల్లు సెప్పమన్నట్టే సెప్పీసేను. ఇప్పుడు మేడం వచ్చేస్తారా?"

కరుణ పిల్ల పక్కనే గుమ్మంలో కూర్చుంది. "వచ్చేస్తారే" అంది. సాక్ష్యంలో అబద్ధం చెప్పకూడదన్న అదే నోటితో.

రాచెల్ నాలుగు రోజులు గేటు దగ్గర స్కూటీ కోసం చూసింది. అయిదో రోజు చూడడం మానేసింది. అప్పటి నుంచి ఆదివారం సాక్ష్యానికి పేరు పిలిచినా లేవడం లేదు. కొత్త టీచరు ఇంకా రాలేదు. రెండు తరగతులని కలిపి కూర్చోబెడుతున్నారట. చదవమంటే రాచెల్ పుస్తకం తెరిచి పెట్టుకుంటుందట, పెదవులు కదపదట. ఇంట్లో భిన్నాల పుస్తకం ముందేస్తే, నాను అడిగితే ఎవలో ఒకలు ఎల్లిపోతారు అంటుంది. ఆ కొత్త తలుపు వైపే పోదట, సాయంత్రం సంచి దించితే నీళ్ళ సీసా పొద్దున్న నింపింది నింపినట్టే ఉంటోంది. గురుకులం పరీక్ష ఇంక ఎంతో దూరం లేదు.

కరుణకుమారి బడి గంట కొట్టే వేళకి షెడ్డులో ఉండాలి. బయటపడేసరికి ఆరవుతుంది. ఈ నెలలో ఇప్పటికే రెండు సగం పూటలు పోయాయి, ఇంకొకటి పోతే రావద్దంటారు. బడిలో పిల్ల ఎలా ఉందో తన కంటితో చూసే దారి ఆమెకి లేదు. నర్సీపట్నంలో ఆ వీధిన వెళ్ళే పని మీకెవరికైనా పడితే, పగటిపూట బడి గోడ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. రోడ్డు వైపు కిటికీ పక్కన, ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న బక్కపల్చటి పిల్ల కూర్చుని ఉంటుంది. నోరు విప్పి చదువుతోందా, మంచినీళ్ళు తాగుతోందా, చూడండి. పిలిచి మాట్లాడక్కర్లేదు. చూసింది చూసినట్టు జీడిపిక్కల షెడ్డులో ఉన్న ఆ తల్లికి చెప్పి వెళ్ళండి.