ఎర్ర చుక్కల పళ్లాలు

గంజి వార్చేటప్పుడు బుచ్చవ్వ ఎప్పుడూ మొహం పక్కకు తిప్పుకుంటుంది. ఆవిరి తగిలి తగిలి ఎడమ చెంప చింతపండు రంగుకు తిరిగింది. డేగిసా చెవులకు మసిగుడ్డ చుట్టి, మోకాలు దన్ను పెట్టి వంచింది. హాస్టల్ గేటు దగ్గర ఆడపిల్లలు నినాదాలిస్తున్నారు. నిన్నటి నుంచి ఒక్కరూ అన్నం ముట్టలేదు. తినేవాళ్లు లేకపోయినా వండాల్సిందే. వంట మానితే తన అవసరం లేదనుకుంటారేమోనని ఆమె భయం.

గొడవంతా పళ్లాల గురించే. మంచిర్యాలలోని ఆ ప్రైవేటు కాలేజీలో ఈ ఏడు ఉట్నూరు వైపు గోండు, కోలాం పిల్లలు కొందరు చేరారు. వాళ్లు తిన్న పళ్లాల్లో మా పిల్లలు తినరని టౌను తల్లిదండ్రులెవరో ఫోన్ చేశారు. వార్డెన్ రోజారాణి వంటింట్లోకి వచ్చి ఎర్రటి గోళ్ల రంగు సీసా బుచ్చవ్వ చేతిలో పెట్టింది. "గా అడివి పిల్లల తల్లెల కింద సుక్క పెట్టు. వాళ్లకు గవ్వే ఇయ్యి, వేరే కడుగు" అంది. బుచ్చవ్వ పెట్టింది. చెప్పినదానికి తలూపడమే పుట్టినకాడి నుంచి ఆమెకు వచ్చిన విద్య.

నిన్న పెందూర్ రేణుక అనే గోండు పిల్ల తిన్న పళ్లెం బోర్లించి చూసింది. తమ వాళ్లందరి పళ్లాలూ తిప్పి చూసింది. వెళ్లి గేటు ముందు కూర్చుంది. టౌను పిల్ల హర్షిణి మొదలుకొని హాస్టలంతా ఆమె వెనకే కూర్చుంది.

ఇవాళ మధ్యాహ్నం రేణుక వంటింట్లోకి వచ్చింది. ఆకలికి పెదాల మీద పొరలు లేచాయి.

"అవ్వా, సుక్కలు ఎవ్వలు పెట్టిన్రు?"

"నేనే పెట్టిన బిడ్డా."

"పెట్టుమన్నదెవ్వలు? పొద్దుమీకి గీ సంగతి అడగనీకి కలెక్టరాఫీసుల నుంచి ఆఫీసరొస్తుండు. ఆయన ముంగట ఒక్క మాట జెప్పు, సాలు."

కక్కలేక మింగలేక బుచ్చవ్వ తుడిచిన గరిటెనే మళ్లీ తుడిచింది. నస్పూర్‌లో మొగుడు సదానందం ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ముతో మంచం పట్టాడు. ఈ పని పోతే ఆయన మందులు పోతాయి. ఆమెను కన్న అవ్వ దొర గడి వెనకాల నిలబడి, పైనుంచి పోస్తే దోసిలి పట్టి నీళ్లు తాగిన మనిషి. ఆ దోసిట్లోంచే చిన్నప్పుడు బుచ్చవ్వకూ తాపేది. చుక్కలు పెట్టేటప్పుడు ఆ దోసిలి గుర్తుకు రానందుకు బుచ్చవ్వకు ఇప్పుడు సిగ్గేసింది. కానీ సిగ్గుతో మందులు రావు.

"యాదికి లేదు బిడ్డా."

రేణుక వెనక్కి తిరిగి గేటు వైపు నడిచింది. తిట్టినా బాగుండేది.

సాయంత్రం ఆఫీసరు వచ్చాడు. ప్రిన్సిపాల్ గది తలుపులు చాలాసేపు మూసే ఉన్నాయి. తరవాత ప్రిన్సిపాల్ బయటికొచ్చి మైకు అందుకున్నాడు. ఇది చదువు లేని వంటమనిషి సొంత తెలివితో చేసిన పని, ఆమెను ఇప్పుడే తీసేశాం, అందరికీ కొత్త పళ్లాలు తెప్పించాం అన్నాడు. పక్కన రోజారాణి చేతులు కట్టుకుని నిలబడింది.

వంటింటి గడపలోంచి బుచ్చవ్వ గొంతు చించుకుంది. "నేను కాదు సారూ! మేడమే పెట్టుమన్నది, సీస గూడ ఆమెనే ఇచ్చింది!"

పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. మొదట నోరు తెరిచింది హర్షిణి.

"పగటీలి రేణుక అడిగితే యాదికి లేదంటివట గదా. ఇప్పుడు పని వోతుందని మేడం మీద పెడుతున్నవా?"

"గామె నిజమే జెప్తుంది!" అని రేణుక అరిచింది. అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. ఆకలిగొన్న పిల్లలు గెలిచామనుకున్నారు. వాళ్లను తప్పుపట్టడానికీ లేదు. గోండు పిల్లలు, కోలాం పిల్లలు, టౌను పిల్లలు ఒకే వరసలో కూర్చున్నారు. పొద్దున బుచ్చవ్వ వండిన చల్లటి అన్నమే కొత్త పళ్లాల్లో పెట్టుకుని తిన్నారు. ఎదురుగా రోజారాణి వడ్డన చూసుకుంది.

రేణుక ఒక్కతే తినలేదు. బుచ్చవ్వ వెంట గేటు దాకా వచ్చింది.

"అవ్వా, గా మాట జర ముందుగాల జెప్తే..."

"అవును బిడ్డా. నువ్వు పోయి తిను."

నస్పూర్ ఆటో వచ్చింది. బుచ్చవ్వ చివరి సీటులో సర్దుకుని కూర్చుంది. వెనక్కి చూడలేదు. రేణుక ఆ రాత్రే ఊరికి వెళ్లిపోవడానికి బట్టలు సర్దుకుంది.

వంటింట్లో దీపం ఆర్పేశారు. పొద్దున పిల్లలకు ఉడికించి గుడాలు చేద్దామని బుచ్చవ్వ నానబోసిన శనగలు ఆ చీకట్లో ఉబ్బి ఉబ్బి తపేలా మూతను మెల్లగా పైకి లేపుతున్నాయి.